పొయ్యి కురిపించిన వాన

ఇవాళ పొద్దున గంజి పొంగి మట్టిపొయ్యి మీద పడింది. కాలిన మట్టి తడిసిన వాసన వంటింటిని కమ్ముకుంది. ఆ వాసన తగిలితే చాలు, పద్మావతక్క నా పక్కన వచ్చి నిలుచున్నట్టే ఉంటుంది.

ఎమ్మిగనూరులో మా మగ్గాల ఇంటి ముందుగదిలో ఆమె ఒక ఏడాది అద్దెకు ఉంది. ఆదోని మనిషి, కాలేజీలో మట్టి గురించి పాఠాలు చెప్పేది. దేవనకొండ దగ్గర ఒక ఎర్రచేలో లోతుగా గుంత తవ్వించి, జానెడు జానెడుకూ ఒక సంచి మట్టి తెచ్చుకుంది. నేను బడికి పోలేదు. నాన్న మగ్గం పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించాడు. ఆ చేతిరాత చూసి, సంచులకు చీటీలు రాసిపెట్టమంది అక్క. ఇంటి బయటివాళ్లు నా అక్షరాన్ని నమ్మడం అదే మొదలు.

మొదటిరోజే నా గాజులకు వేలాడే పిన్నీసుల గుత్తి చూసి నవ్వింది.

"ఏం లచ్చిమీ, ఇనుపకొట్టు యాడికి తెస్తాండావు? అవి గడప అవతల పెట్టి రా."

"గుడి బయట చెప్పులు విడిచినట్టా అక్కా?"

"అట్లే అనుకో. ఇనుము కలిస్తే మట్టి అబద్ధం సెప్తాది."

లోతుకు పోయేకొద్దీ మట్టి పాతకాలానిదట. వానలు బాగా పడిన కాలంలో మట్టిలో సన్నటి అయస్కాంతపు రేణువులు ఎక్కువ పుడతాయట, కరువు కాలంలో తక్కువట. ఆమె దగ్గరున్న చిన్న యంత్రంలో మట్టి నింపిన బుడ్డి పెడితే, ఆ అయస్కాంతపు బలం అంకెగా కనిపించేది.

ఒకసారి ముసురు పట్టింది. అక్క ఆదోనికి పోయింది. మట్టి ఆరితేగానీ యంత్రంలో పెట్టేది కాదు; అన్నిటికన్నా లోతునుంచి తెచ్చిన సంచి మట్టి ఎంతకీ ఆరలేదు. ఇనుము పనికిరాదని తెలుసు కదా, కొత్త మట్టిమూకుడు పొయ్యి మీద పెట్టి, చెక్కగరిటెతో కలుపుతూ ఆ మట్టినంతా వేరుశనగపప్పులా వేయించాను. కొంచెం నల్లబడింది. మేలు చేశాననే అనుకున్నాను.

అక్క వచ్చి అంకె చూసి, చిన్నపిల్లలా నా చెయ్యి పట్టుకుంది. "దండిగా వానలు కురిసినాయి లచ్చిమీ ఈడ, ఒకప్పుడు! మా నాయన కరువుకు చేను వదులుకున్న నేల ఇది. దీనికీ ఒక మంచికాలం ఉండిందని సూడు!"

మూకుడులో నల్లబడిన మట్టి గుర్తొచ్చింది. "అక్కా, కాలిస్తే అంకె మారుతాదా?"

"మారుతాది. ఏం?"

"ఊరికే అడిగినా."

మరునాడు పూజకు కూర్చున్నాను. గీసిన అగ్గిపుల్ల వేళ్లదాకా కాలింది గానీ వత్తి దగ్గరకు చెయ్యి పోలేదు. లేచి ముందుగదికి పోయి, జరిగింది చెప్పేశాను.

అక్క ఆ సంచి విప్పి చూసింది; కాల్చని మట్టి పిడికెడైనా మిగల్లేదు. మళ్లీ తెద్దామంటే గుంత అప్పటికే పూడ్చి, పైన వేరుశనగ విత్తారు. అక్క, "అయితే అది నీ పొయ్యి కురిపించిన వాన అన్నమాట," అని నవ్వబోయింది. కళ్లలో నీళ్లు నిలిచాయి. అంకెలు రాసుకునే పుస్తకం నా ముందుకు జరిపింది.

"కొట్టెయ్యొద్దు. ఆ అంకె పక్కనే నీ చేత్తో నిజం రాయి."

'పొయ్యి మీద కాల్చినది' అని రాశాను.

పంట పీకినాక మళ్లీ తవ్వించింది. ఈసారి అంకె చిన్నదే. "వాన పడలేదన్నా అది మట్టి సెప్పిన మాట. మనం దాని నోట్లో మాట పెట్టగూడదు," అంది. సంచులకు చీటీలు మళ్లీ నాతోనే రాయించింది. ఆ దయ ఇప్పటికీ మరువలేను.

అక్క ఇప్పుడు లేదు. అగ్గిపుల్ల గీసే ముందు మాత్రం రోజూ ఒక్క క్షణం ఆగుతాను. ఎవరికైనా చెప్పవలసింది దాచి ఉంటే, ముందు వాళ్ల దగ్గరకు పోయి వస్తాను. దీపం కాస్త ఆలస్యమైతే స్వామి ఏమీ అనుకోడు.