డాక్టరమ్మ కారు వెనక సీటు

ఈ ఉదయం ఘాటు రోడ్డు రెండో మలుపు దగ్గర ఉన్నవాళ్లు, ఉన్నవి: రోడ్డు అంచులకు కంకర పరుస్తున్న కూలీలు, వాళ్ల మేస్త్రీ, ఇంకా బొగ్గు రాజుకోని ఆవిరి రోడ్డు రోలరు, దాని నీడలో చాయ్ కాచుకుంటున్న రోలరు డ్రైవరు, మా శాఖ జీపు, జీపు నడిపే మల్లయ్య, నేను. వీటికి తోడు వెదురు బొంగుల లోడుతో పైనుంచి దిగుతూ మలుపులో ఆగిపోయిన లారీ ఒకటి. దాని వెనక చక్రాల నుంచి సన్నగా పొగ వస్తోంది. కాలిన బ్రేకు లైనింగు వాసన. అందులో కాలిన గుడ్డ వాసనా, రబ్బరు వాసనా, కొంచెం వెంట్రుకలు కాలిన వాసనా కలిసి ఉంటాయి. మేస్త్రీ ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. నేను మాత్రం ఆ వాసన పట్టుకుని కల్వకుర్తి దాకా వెళ్లిపోయాను, అనసూయ డాక్టరమ్మ చిన్న కారు దగ్గరికి.

ఆమెది కేతేపల్లి. చేనేత కుటుంబం. తండ్రి ఇంట్లో మగ్గం నేస్తుండగానే ఆమె హైదరాబాదులో డాక్టరు చదువు చదివి కల్వకుర్తి దవాఖానకు వచ్చారు. పొట్టి మనిషి, తండ్రి నేసిన ముతక చీరలు తప్ప వేరేవి కట్టేవారు కాదు. ఆమెకు ఒక అలవాటు ఉండేది. కొత్త మందు ఏది వచ్చినా ముందు తను ఒక చుక్క నాలుక మీద వేసుకునేవారు. ‘తియ్యగుంటది, తాగు’ అని ఒక పిల్లవాడికి అబద్ధం చెప్పిన కాంపౌండరు యాదగిరిని అందరి ముందూ ఆపి, ‘నువ్వు తాగినవా? తాగి చెప్పు’ అన్నారట. యాదగిరి తాగాడట. ఈ సంగతి నాకు యాదగిరే నవ్వుతూ చెప్పాడు.

నేను డిప్లొమా ముగించి వచ్చిన ఏడాది అది. నాగార్జునసాగర్ కట్ట పని జోరుగా సాగుతోంది. నాతో చదివినవాళ్లు చాలామంది అక్కడ చేరిపోయారు. నేను ఉద్యోగం ఉత్తర్వు కోసం చూస్తూ, కల్వకుర్తిలో మా మేనమామ మోటారు షెడ్డులో కూర్చునేవాణ్ని. ఒకరోజు డాక్టరమ్మ తన కారు తానే నడుపుకుంటూ వచ్చి షెడ్డు ముందు ఆపారు. అది విలాయతీ కారు, యుద్ధానికి ముందుది, ఎందరి చేతులో మారి ఆమె దగ్గరికి వచ్చింది. పేరుకు నలుగురు పట్టే బండి.

‘ఏమైంది డాక్టరమ్మా?’ అని మామయ్య అడిగాడు.

‘ఏం కాలె. కొండ ఎక్కుతలేదు.’

‘గీ బండి ఎక్కదమ్మా. దీని తాకత్ గంతే.’

‘తాకత్ పెంచుతరా, లేదా?’

మామయ్య నా వైపు చూశాడు. ఆమె కూడా నా వైపే తిరిగి, ఎవరి గురించో చెబుతున్నట్టు మెల్లగా చెప్పారు. అచ్చంపేట దాటాక ఘాటు పైన పల్లెలు ఉన్నాయి. కాన్పు కష్టమైతే అక్కణ్నుంచి మనిషిని పంపుతారు. అంతకు ముందు నెల అలాగే కబురు వస్తే బయలుదేరారు. సగం ఎత్తులో రేడియేటరు మసిలి బండి ఆగింది. మిగిలిన దారి నడిచారు.

‘నేను పోయేసరికి ఇంటి ముంగట ఆడోళ్లు ఏడుస్తున్నరు. మల్ల గట్ల కావద్దు. నీకు చాతనైతదా?’

‘అయితది’ అన్నాను. నాకు ఇరవై రెండేళ్లు. అప్పుడు ఏది అడిగినా అదే మాట చెప్పేవాణ్ని.

చేసిన పనులు ఇవి. సిలిండరు హెడ్డు విప్పి హైదరాబాదు తీసుకెళ్లి, అడుగు భాగం కొద్దిగా చెక్కించి, ఇంజను లోపలి ఒత్తిడి పెంచాను. పాత సామాన్ల బజారులో ఒక పెద్ద కారు కార్బురేటరు దొరికితే దాన్ని బిగించాను. రేడియేటరు ఫ్యానుకు రెక్కలు పెంచాను. పొగ తేలిగ్గా పోవడానికి సైలెన్సరు మార్చి నేరుగా ఒక గొట్టం పెట్టాను. ఎక్కువ బరువు మోయడానికి వెనక స్ప్రింగు కట్టల్లో ఒక్కొక్క ఇనుప పట్టా అదనంగా వేయించాను. ఇంజను మొదలుపెట్టగానే దవాఖాన ఆవరణలో కట్టేసిన మేకలు తాళ్లు తెంపుకున్నాయి.

‘డాక్టరమ్మా, గిది కారా, పిండిగిర్నీనా?’ అన్నాడు యాదగిరి.

‘ఎక్కితే సాలు. గిర్నీ అయితేంది?’ అన్నారామె.

ఎక్కింది. ఇదివరకు మొదటి గేరులో మూలుగుతూ ఆగిపోయిన చోట రెండో గేరులో పరుగెత్తింది. పైకి చేరాక రేడియేటరు మూత మీద చెయ్యి పెట్టి చూశాను. నీళ్లు మసలలేదు. చదివింది చేతికి వచ్చిందన్న సంతోషం అంతకు ముందు నాకు తెలియదు.

కొద్ది రోజులకే పైనుంచి కబురు వచ్చింది. కొత్త ఇంజను సంగతి తెలిసినవాణ్నని డాక్టరమ్మ నన్నే నడపమన్నారు. నొప్పులు పడుతున్న అమ్మాయి పేరు లింగమ్మ. ఆమె ఒక్కతే వస్తుందని నా లెక్క. మా పల్లెల్లో కాన్పుకు పోయే మనిషిని ఒంటరిగా పంపరన్న సంగతి నేను లెక్కలో వేసుకోలేదు. తల్లి ఎక్కింది, అత్త ఎక్కింది, ఒక చిన్నమ్మ ఎక్కింది, బట్టల మూట, బాలింతకు పెట్టడానికి ఒక కోడి. దిగేటప్పుడు బండి జోరు తగ్గించడానికి నాకు మనసు రాలేదు. నలభై మైళ్ల వేగం దాటింది. మలుపుల్లో బ్రేకులు కాలిన వాసన కారంతా నిండింది. లింగమ్మ ఒక్కసారి కూడా అరవలేదు. దవాఖాన ముందు దించినప్పుడు చూశాను, నోట్లో కుక్కుకున్న కొంగు రక్తంతో తడిసి ఉంది. తల్లీ బిడ్డా బతికారు. కానీ ఆ రాత్రంతా డాక్టరమ్మ ఆమె మంచం విడిచి కదలలేదని యాదగిరి చెప్పాడు.

మరునాడు పొద్దున డాక్టరమ్మ షెడ్డుకు వచ్చారు. చేతిలో కాపడం పెట్టే రబ్బరు సంచి, దాని నిండా నీళ్లు. దాన్ని పొట్ట మీద పెట్టుకుని తువ్వాలుతో నడుముకు బిగించి కట్టుకున్నారు. చెప్పులు విడిచి, వెనక సీట్లో కాళ్లు ముడుచుకుని పడుకున్నారు.

‘నడుపు. నిన్నటి లెక్కనే నడుపు.’

‘డాక్టరమ్మా, మీరు ఎందుకు...’

‘నడుపమన్న గద.’

ఊరు దాటి తూము దగ్గరి గతుకుల్లో నడిపాను. వెనక తల తలుపుకు కొట్టుకున్న చప్పుడు విని ఆపాను. ఆమె నుదుటి మీద బొప్పి కట్టింది. దిగి, సంచి విప్పి నా చేతికి ఇచ్చారు.

‘ఇగ నువ్వు పండుకో.’

నేను పడుకున్నాను. ఆమె నడిపారు. నేను వేయించిన అదనపు పట్టాలు ప్రతి రాయినీ తెచ్చి నా వెన్నులో గుచ్చాయి. సంచిలోని నీళ్లు పొట్ట మీద బండలా ఎగిరి పడ్డాయి. తిరిగి షెడ్డుకు వచ్చాక నడుము పట్టుకుని దిగాను. ఆమె నా చేతిలోంచి సంచి తీసుకున్నారు.

‘నన్ను ఎక్కించెతందుకు ఇంజను చేసినవ్. మంచిగనే చేసినవ్. ఆమెను దించెతందుకు ఏం చేసినం? నువ్వు చెయ్యలె, నేను సుత అడగలె. ఇద్దరం ముంగట సీట్లనే కూసున్నం.’

ఆ చివరి మాటలో నింద లేదు. అందుకే అది అంత లోతుగా దిగింది. బండి శక్తి అంటే ఎక్కడానికి కావలసింది మాత్రమేనని నేను అనుకున్నాను. పుస్తకాల్లో ఇంజనుకు ఎన్ని గుర్రాల బలమో లెక్క ఉంటుంది కానీ వెనక సీట్లో ఎవరు పడుకుంటారో ఉండదు.

మళ్లీ పని మొదలైంది. ఇంజను జోలికి పోలేదు, ఆమె పోనివ్వలేదు. బ్రేకులకు కొత్త లైనింగులు వేశాను. అదనపు పట్టాలు పూర్తిగా తీసేస్తే అంతమంది బరువుకు బండి నేలకు ఆనుతుంది, అందుకని వాటిని సన్నవిగా మార్పించాను. అప్పటికీ గతుకు తెలుస్తూనే ఉంది. అప్పుడామె కేతేపల్లికి కబురు పంపారు. వాళ్ల బాపు మంచాలకు అల్లే నవారు ఒక చుట్ట, మామూలు దానికంటే వెడల్పుగా నేసి, తానే తెచ్చాడు. వెనక సీటు పీకేసి ఇనుప చట్రం పెట్టి, దానికి ఆ నవారు అల్లాం. అల్లిక బిగువు ఎంత ఉండాలన్న దాని మీద తండ్రీ కూతుళ్లు పోట్లాడుకున్నారు.

‘గంత వదులుంటే మనిషి కూరుకపోతది బిడ్డా.’

‘కూరుకపోతేనే మంచిది బాపూ. నీకు కాన్పులు ఎర్కనా?’

‘నువ్వు పుట్టిన కాన్పుకు మీ అవ్వను బండి మీద పట్నం దవాఖానకు తోల్కపోయింది నేనే గద’ అన్నాడాయన. ఆమె నవ్వి, ఆయన చెప్పిన బిగువుకే ఒప్పుకున్నారు.

ఆ తర్వాత వేగం తేల్చాలి. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె మళ్లీ సంచి కట్టుకుని నవారు మీద పడుకున్నారు. నేను ముప్పైతో మొదలుపెట్టి తగ్గిస్తూ వచ్చాను. ప్రతిసారీ వెనక నుంచి ‘ఊహూ’ అని వినబడేది. కొంతసేపటికి ఏ మాటా వినబడలేదు. తిరిగి చూస్తే ఆమె నిద్రపోతున్నారు. ముందు సీట్లో ఉన్న యాదగిరి మీటరు చూసి, ‘గిదే పెట్టు’ అని గుసగుసగా అన్నాడు. ఆమె వారంగా సరిగా నిద్రపోలేదట. ముల్లు కదలకుండా చూసుకుంటూ, ఆమె లేచేదాకా అచ్చంపేట దారిలో నడుపుతూనే ఉన్నాను. ఇంటికి వచ్చాక మీటరు అద్దం మీద ఆ చోట, పద్దెనిమిది దగ్గర, ఎర్ర రంగుతో గీత గీశాను.

ఆ వానాకాలం ఇంకో అమ్మాయిని దించాం. కాన్పు దగ్గరపడింది, మమ్మల్ని బస్సు దాటిపోయింది, తర్వాత ఒక ఎడ్లబండి కొంతదూరం మాతో సమానంగా వచ్చింది. నా కాలు పెడలు మీద దురద పెడుతోంది. వెనక నవారు పక్కన ఇరుక్కుని కూర్చున్న అత్తగారు ఇక ఊరుకోలేకపోయింది.

‘గింత మెల్లగ నడిపెటోనివి, గా ఇంజను గంత మొత్తుకునుడు ఎందుకయ్యా?’

‘అది మీ ఇంటికొచ్చెతందుకు అవ్వా. గిది మా ఇంటికి పోయెతందుకు’ అన్నారు డాక్టరమ్మ, అమ్మాయి నాడి పట్టుకునే. దవాఖాన చేరాక బిడ్డ పుట్టింది. ఆ అమ్మాయి కొంగు పొడిగా ఉంది. నేను చూసింది అదొక్కటే.

నాకు రోడ్ల శాఖలో ఉద్యోగం వచ్చింది. ఆమెకు బదిలీ అయింది, కారు ఆమెతో వెళ్లింది. పోయినేడు ఆమె జబ్బుతో పోయారని యాదగిరి వచ్చి చెప్పాడు. చివరి రోజుల్లో ఆ నవారు చట్రాన్నే మంచానికి వేయించుకున్నారట.

ఈ ఉదయం మా పని, వేసిన కొత్త రోడ్డు సరిగా ఉందో లేదో చూసి సంతకం పెట్టడం. లారీలు ఎంత సులువుగా ఎక్కుతున్నాయో చూస్తే చాలని పైవాళ్ల మాట. ఎక్కుతున్నాయి. నేను జీపు వెనక బెంచీలు తీయించి, అడుగున దుప్పటి పరిచి, చెప్పులు విడిచి పడుకున్నాను. మల్లయ్య వెనక్కి తిరిగి నన్ను చూసి, ఇంజను మొదలుపెట్టాడు.

‘కిందిదాక పోనియ్’ అన్నాను.

‘ఎంత స్పీడుల పోవాలె సార్?’

‘పద్దెనిమిది మైళ్లు.’