జోడు పంకాల మాతె

ఫియుమె రేవులో చెక్క ఓడలు కట్టే పని మూతపడేనాటికి మాతె బ్లేచిచ్‌కి బాడిసె పట్టడం తప్ప మరో విద్య తెలియదు. ఆవిరి ఓడలు వచ్చి తెరచాపల నోట మట్టి కొట్టాయి. అతనితో పనిచేసినవాళ్లలో కొందరు ద్రాక్షతోటల్లో కూలికి పోయారు, కొందరు సారా కొట్లలో కూర్చుండిపోయారు. పడమటి గట్టున టార్పెడోలు తయారుచేసే కార్ఖానాలో మనుషుల్ని తీసుకుంటున్నారని విని మాతె అక్కడికి వెళ్లాడు. మొదట బొగ్గు మోశాడు. తర్వాత ఆకురాయి పట్టాడు. చెక్కమీద వెంట్రుకవాసి తేడా కనిపెట్టిన వేళ్లు ఇనుము మీదా కనిపెట్టాయి. కొన్నేళ్లకి అతన్ని తోకల షెడ్డులో వేశారు.

కడుపులో కుక్కిన గాలితో నీళ్లలో నడిచే టార్పెడోకి ప్రాణం తోకలోనే ఉంటుంది. మొదట్లో దానికి ఒకటే పంకా ఉండేది. పంకా కుడికి తిరిగితే ఒళ్లంతా ఎడమకి పొర్లేది. అలా నీళ్లలో దొర్లుకుంటూ దారి తప్పి, ఒక్కోసారి వదిలినవాళ్ల మీదికే తిరిగొచ్చేది. ఆ జబ్బు కుదర్చడానికి ఒకదాని వెనక ఒకటిగా రెండు పంకాలు పెట్టారు. ఒకటి కుడికి తిరిగితే రెండోది ఎడమకి తిరగాలి. బోలు ఇరుసు కడుపులోంచి సన్న ఇరుసు దూరి వెళుతుంది. ఆ రెంటినీ ఎదురెదురుగా తిప్పేవి మధ్యలో ఉండే వాలుపళ్ల చక్రాలు. వాటిని ఒకదాని పళ్లలో ఒకటి కూర్చి పెట్టెలో బిగించడం మాతె పని. వదులైతే పళ్లు విరుగుతాయి, మరీ బిగువైతే పట్టేస్తాయి. మాతె ఎప్పుడూ బిగువు వైపే మొగ్గేవాడు. వదులు పని చూస్తే అతనికి ఒళ్లు మండేది. తను కూర్చిన ప్రతి పెట్టె మీదా ఉలితో రెండు అడ్డగీతలు కొట్టేవాడు. షెడ్డులో అతన్ని ‘జోడు పంకాల మాతె’ అనేవారు. ఆ పేరంటే అతనికి లోలోపల ఇష్టం.

పెళ్లి చేసుకోలేదు. మెట్ల వీధిలో అక్క లూచె ఇంట్లో పై గది అతనిది. బావ జ్వానె సూర చేపలకి కాపలా కాసేవాడు. నీళ్ల మీదికి ఒరిగిన పొడుగాటి నిచ్చెన చివర పొద్దస్తమానం కూర్చుని, మంద వస్తున్న నీడ కనబడగానే కేక పెట్టేవాడు. కిందివాళ్లు వల లాగేవాళ్లు. నీళ్లని చదవడంలో జ్వానె తర్వాతే ఎవరైనా. కానీ వరసగా మూడు ఎండాకాలాలు సూర మందలు రాలేదు. నిచ్చెన మీద కూర్చుని కూర్చుని అతను మొహం నల్లబడి ఇంటికి వచ్చేవాడు. లూచె ఇద్దరు ఆడపిల్లలకీ మొక్కజొన్న సంకటి పలచన చేసి పోసేది.

ఒక ఆదివారం భోజనాల దగ్గర మాతె మాట కదిపాడు.

"బావా, మా పరీక్షల పడవ మీదికి మనిషి కావాలంట. వదిలిన టార్పెడో ఎటు పోయిందో బుడగలు చూసి చెప్పాలి, గాలి అయిపోయి తేలాక కట్టి లాక్కురావాలి. నీ కళ్లకి అదో లెక్కా?"

"చేపల్ని పట్టినోణ్ణి తీసుకుపోయి ఇనప చేపల్ని ఏరమంటావురా బామ్మర్దీ," అన్నాడు జ్వానె.

"ఇనప చేపైతే జారిపోదు. కంపు కొట్టదు. అక్క నిన్ను ఇంట్లోకైనా రానిస్తుంది."

పొయ్యి దగ్గర్నుంచి లూచె అంది, "కంపు చేపది కాదులే, మీ ఇద్దరి సారాది. ఏదో ఒక పనికి పొండి, నా కళ్ల ముందునుంచి లేస్తే చాలు." అంటూనే జ్వానె పళ్లెంలో ఇంకో గరిటె వేసింది. ఆమెకి ఆ మాట నచ్చిందని ఇద్దరికీ తెలిసింది.

జ్వానె ఆ పనిలో ఇట్టే కుదురుకున్నాడు. మిగతావాళ్లు దూరదర్శినులు పెట్టుకుని వెతుకుతుంటే అతను ఉత్త కళ్లతోనే బుడగల గీత పట్టేవాడు. "అదిగో, మా బామ్మర్ది కూతురు పోతోంది," అని నవ్వించేవాడు. ఇంటికి వచ్చాక, "ఇవాళ నీ పిల్ల తిన్నగా నడిచిందిరా," అని చెప్తే మాతె ఆ రాత్రి హాయిగా నిద్రపోయేవాడు. ఆ రెండేళ్లూ ఆ ఇంట్లో సంకటి గట్టిగానే ఉడికింది.

మార్చి నెలలో ఒక పెట్టె మాతెని ఇబ్బంది పెట్టింది. చేత్తో తిప్పితే చక్రాలు ఒకచోట మొరాయించి, కాస్త బలం పెడితే దాటుతున్నాయి. ఒక పన్ను కొద్దిగా మందంగా ఉందని అతనికి అనుమానం. విప్పి మళ్లీ అరగదియ్యాలంటే ఆ పూట పోతుంది. ఫెర్లాన్ మేస్త్రి వచ్చి తిప్పి చూశాడు.

"కొత్త చక్రం బిగువుగా కాక ఎలా ఉంటుంది మాతె? రెండు పరుగులు తీస్తే అదే సర్దుకుంటుంది."

మాతె మనసులోనూ అదే మాట ఉంది. మేస్త్రి చెప్పాడని కాదు, తనకీ అలాగే అనిపించింది. రెండు గీతలు కొట్టి పంపించాడు.

ఆ పెట్టె బిగించిన టార్పెడోని గురువారం వదిలారు. బూరా అనే ఈదురుగాలి కొండ మీంచి దిగడం మొదలుపెట్టింది, ఆ పరుగొక్కటీ అయితే పడవలు కట్టేద్దామన్నారు. అది సగం దూరం తిన్నగా వెళ్లి ఆగిపోయింది. బుడగలు ఆగాయి, వీపు పైకి తేలింది. గాలి దాన్ని రాళ్ల వైపు నెడుతోంది. జ్వానె పడవని దగ్గరికి పోనిచ్చాడు. మామూలుగా అయితే ముందు తాళంచెవి పెట్టి గాలి మర మూసి, పంకాలకి అడ్డుకర్ర దోపి, ఆ తర్వాతే చెయ్యి వెయ్యాలి. అది అతనికి తెలియంది కాదు. కానీ అల ఒకటి లేచి తోకని పడవ పక్కకి విసిరింది. పలకలు పగులుతాయని అతను రెండు చేతులతో తోక పట్టుకుని తోశాడు.

లోపల గాలి ఇంకా మిగిలే ఉంది. చక్రాలు పట్టేయడం వల్లే అది ఆగింది. ఆ తోపుకి పట్టు వీడింది. రెండు పంకాలూ ఒక్కసారిగా ఎదురెదురుగా తిరిగాయి.

కుడి చెయ్యి మణికట్టు దగ్గర పోయింది. ఎడమ చేతికి బొటనవేలూ దాని పక్క వేలూ మిగిలాయి.

మాతెకి కబురు తెలిసి గట్టు మీదికి పరుగెత్తేసరికి బావని బండిలో ఎక్కించి తీసుకుపోయారు. టార్పెడోని తోకల షెడ్డుకి మోసుకొచ్చారు. పెట్టెని మాతే విప్పాడు. ఒక పన్ను మీద తళతళలాడే గీత ఉంది, ఇనుము ఇనుముని కొరికిన గీత. ఫెర్లాన్ మేస్త్రి దాన్ని చూసి గుడ్డతో నూనె తుడిచి పక్కన పెట్టాడు.

"అడ్డుకర్ర దోపకుండా చెయ్యి పెట్టాడు. నియమం తప్పింది వాడు. పైవాళ్లకి అదే చెప్పాను." గొంతు తగ్గించాడు. "నువ్వు కూడా అదే అనుకో. ఇప్పుడు ఆ ఇంటికి సంపాదించేది నువ్వొక్కడివే."

ఆ మాట నిజమే. అదే మాతెని కట్టిపడేసింది. చెబుదామని ఇంటికి వెళ్లేవాడు. లూచె మొగుడి నోట్లో సంకటి పెడుతూ ఉండేది. చెప్పకుండానే మేడెక్కేవాడు. మాత చర్చి ఉన్న త్రసత్ కొండ మెట్లు మోకాళ్ల మీద ఎక్కుతానని లూచె మొక్కుకుంది, ఎక్కింది కూడా. మోకాళ్లకి కట్టిన గుడ్డలు విప్పుతూ, "మాత దయవల్ల ప్రాణంతో దక్కాడు, నీ జీతముంది, ఇంకేం కావాలిరా నాకు," అంది. మాతె తల వంచుకుని గుడ్డలు ఉతకడానికి పట్టుకుపోయాడు.

జ్వానె మాత్రం బామ్మర్దిని ఒక్క మాట అనలేదు. పగలంతా కిటికీ దగ్గర కూర్చునేవాడు. సముద్రం వైపు కాకుండా గోడ వైపు తిరిగి కూర్చునేవాడు.

ఆ వేసవంతా మాతె పని దిగాక ఏదో చేస్తూ కూర్చునేవాడు. ఇనప చెయ్యి ఒకటి చేశాడు. తోలు తొడుగు, రెండు వంకర వేళ్లు, లోపల చిన్న వాలుపళ్ల చక్రాలు. మోచెయ్యి పక్కనున్న మీట నొక్కితే వేళ్లు రెండూ ఎదురెదురుగా మూసుకుంటాయి. వల పట్టుకోవచ్చు, గ్లాసు పట్టుకోవచ్చు. ముందు చేసిన రెండూ నచ్చక పారేశాడు, మూడోది కుదిరింది. ఈసారి చక్రాలు నెయ్యిలా తిరిగాయి.

ఆదివారం మధ్యాహ్నం బావ ముందు మోకాళ్ల మీద కూర్చుని పట్టీలు బిగించాడు.

"చూడు బావా, ఇట్టా నొక్కు."

జ్వానె నొక్కాడు. చక్రాలు కిర్రుమని తిరిగి వేళ్లు మూసుకున్నాయి. ఆ చప్పుడుకి అతని మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. ఆ లాగుడికి మీట మళ్లీ నొక్కుకుపోయి చక్రాలు మళ్లీ కిర్రుమన్నాయి.

"తియ్యి," అన్నాడు జ్వానె. "తియ్యరా, నీకు దణ్ణం పెడతా."

మాతె పట్టీలు విప్పలేక కత్తితో కోశాడు. ఇనప చెయ్యి ఒళ్లోకి తీసుకున్నాడు. అప్పుడు అన్నాడు:

"బావా, ఆ పెట్టె నేను కూర్చిందే. బిగువుగా ఉందని తెలిసే పంపించాను."

"తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"ఒకళ్లు చెప్పాలా? తోక నా ఒళ్లో పడి ఉంది. రెండు గీతలు కళ్లకెదురుగా ఉన్నాయి. వేళ్లు ఎక్కడ పడ్డాయో కనబడలా గానీ ఆ గీతలు కనపడ్డాయి." జ్వానె గోడ వైపే చూస్తున్నాడు. "నేను ఆ మాట అంటే నువ్వు ఇల్లొదిలి పోతావు. నువ్వు పోతే పిల్లలకి సంకటి ఎవడు పెడతాడు? అందుకని అన్లా. క్షమించానని మాత్రం అనుకోబాక."

వెనకాల పళ్లెం కింద పెట్టిన చప్పుడైంది. లూచె గుమ్మంలో ఉంది. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. బిడ్డలు వింటారేమోనన్నట్టు నెమ్మదిగా అడిగింది.

"ఇన్నాళ్లూ నా చేతి కూడు ఎట్టా మింగుడుపడిందిరా నీకు?"

"అక్కా..."

"నన్నట్టా పిలవబాక. పొద్దున పెట్టె సర్దుకో. జీతం పంపుతానంటావేమో, ఆ మాట కూడా అనబాక. చేపలమ్ముకుంటాను."

మర్నాడు మాతె రేవు వెనక ఒక పూటకూళ్లింట్లో దిగాడు. జీతంలో సగం చర్చి ఫాదరు ద్వారా పంపాలని చూశాడు. ఎవరు పంపారని లూచె ఫాదరుని అడిగిందట. ఆయన అబద్ధం చెప్పలేకపోయాడు. అది అలాగే వెనక్కి వచ్చింది.

జ్వానె ఆ చలికాలం దాటలేదు. కిటికీ దగ్గర చలి పట్టి రొమ్ములో చేరింది. దగ్గు వస్తే నోటికి అడ్డం పెట్టుకోవడానికి కూడా సరైన చెయ్యి లేకపోయిందని పక్కింటావిడ చెప్పుకుంటుంటే మాతె విన్నాడు. శవం వెంట నడిచాడు గానీ శ్మశానం గేటు దగ్గరే ఆగిపోయాడు. పెద్దపిల్ల ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. లూచె ఆ పిల్ల తలని పట్టుకుని ముందుకి తిప్పింది.

ఆ తర్వాత మాతె చేతిపని పాడైంది. ఏ పెట్టె కూర్చినా బిగువుగా ఉందనిపించేది. మళ్లీ విప్పేవాడు, మళ్లీ అరగదీసేవాడు. అతను పంపిన చక్రాలు వదులై గలగలమనేవి, పళ్లు విరిగేవి. ఫెర్లాన్ మేస్త్రి కొన్నాళ్లు కప్పిపుచ్చాడు. "ఒకప్పుడు నీ పని చూసి నేను నేర్చుకున్నానురా," అని ఒకరోజు కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేసి, అతన్ని ప్యాకింగ్ షెడ్డుకి మార్చాడు. అక్కడ టార్పెడోలకి కొవ్వు పూసి గడ్డిపెట్టెల్లో పడుకోబెట్టడమే పని. ఏ దేశానికి పోతున్నాయో పెట్టె మీద రాసి ఉండేది. మాతె చదివేవాడు కాదు. తోక దగ్గరికి వచ్చేసరికి గుడ్డ పక్కనున్నవాడికి ఇచ్చేసేవాడు.

అలా పదేళ్లకి పైగా గడిచాయి. లూచె చేపల బజారులో కుదురుకుంది, ఆడపిల్లలకి పెళ్లిళ్లు చేసింది. మాతె ఆ బజారు వైపు వెళ్లేవాడు కాదు. ఒక శుక్రవారం పూటకూళ్లింటావిడకి జ్వరం వచ్చి చేపలు తెమ్మని అతన్నే పంపింది. దుకాణాలు చాలావరకు కట్టేశారు. ఒక్క బల్ల మీదే కవళ్ల చేపలు మిగిలాయి. దాని వెనక లూచె నిలబడి ఉంది. జుట్టంతా తెల్లబడింది.

మాతె వెనక్కి తిరిగిపోదామనుకున్నాడు. ఈలోపు ఆమె తలెత్తి చూసింది.

"ఎన్ని కావాలి?" అంది ఆమె.

"ఒక కిలో... ఇద్దరికి సరిపోతే చాలు."

ఆమె తూచింది. తక్కెడ సరిగ్గా నిలిచేదాకా చూసి, ఎక్కువైన ఒక్క చేపని తీసి పక్కన వేసింది. కాగితంలో చుట్టి అందించింది. డబ్బు తీసుకుని చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది.

"ఇవాళే పట్టినవండీ," అంది, ఏ గిరాకీకైనా చెప్పినట్టే. చెప్పి, బల్ల మీద నీళ్లు చల్లి కడగడం మొదలుపెట్టింది.