వానకు జరిపిన కట్టలు

నేను చేసిన తప్పుకు ఇంకొక మనిషి ఉద్యోగం పోయింది. ఊళ్లో పేరు పోయింది. ఈ సంగతి ఇన్నేళ్లూ నాలోనే పెట్టుకుని తిరిగాను. దీన్ని బరువు అనాలో ఏమనాలో తెలియదు. చాలా కాలం బరువుగా కూడా అనిపించలేదు, అదే నన్ను ఇప్పుడు ఎక్కువ కలవరపెడుతోంది. పోయిన నెల పెంచలయ్య చనిపోయాడు. అప్పటి నుంచి ఏ పుస్తకం తెరిచినా పేజీ దాటలేకపోతున్నాను.

మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకైతే ఇది రాయలేను. రాసినా నాకు అనుకూలంగా రాసుకుంటాను.

నెల్లూరు దగ్గర ఒక విశ్వవిద్యాలయంలో రికార్డుల విభాగం చూసేవాణ్ణి. ఏ కాగితం ఎంతకాలం ఉంచాలి, ఏది ఎప్పుడు తీసేయాలి అన్నది నా పని. కొన్ని శాశ్వతం, కొన్ని పదేళ్లు. పరీక్షల జవాబు పత్రాలు మాత్రం ఫలితాలొచ్చి, మళ్లీ దిద్దించుకునే గడువు తీరేదాకా ఉంచితే చాలు. ఆ తర్వాత పాతకాగితాల వ్యాపారి లారీ తెచ్చుకుని పట్టుకుపోతాడు. పెంచలయ్య నా దగ్గర అటెండరు. కోట అనే ఊరికి అవతల, సముద్రం ఒడ్డున చేపలు పట్టుకునే పల్లెకారుల ఊరు అతనిది. ఆ ఊళ్లో సర్కారు జీతం తెచ్చుకున్న మొదటి మనిషి.

అప్పట్లో జవాబు పత్రాలకు సొంత గది లేక, వెంకటాచలం దాటాక హైవే పక్కన అద్దె గోడౌన్‌లో పెట్టేవాళ్లం. మాకొక అలవాటుండేది. కట్టల మీద ఏమీ రాసేవాళ్లం కాదు. గోడ మీద సుద్దతో రాసేవాళ్లం. ఒక గోడ మీద ‘ఉంచవలెను’, ఎదుటి గోడ మీద ‘తీసివేయవలెను’. కట్టలు వచ్చేవి, పోయేవి. గోడలు ఎక్కడికి పోతాయి? ఈ పద్ధతి పెట్టింది నేనే. తెలివైన పద్ధతి అని నన్ను మెచ్చుకున్నారు కూడా.

ఆ ఏడు కార్తీకంలో తుఫాను పట్టింది. ‘ఉంచవలెను’ గోడ వైపు నీళ్లు దిగాయి. నేను, పెంచలయ్య, ఆ పూటకు పిలిచిన కూలి ఒకతను కలిసి అక్కడి కట్టలన్నీ మోసి ఎదుటి గోడ వైపు, ఉన్న వరసకు ముందు ఇంకో వరసగా పేర్చాం. నీళ్లు తగ్గాయి. కట్టలు వెనక్కి మార్చలేదు. గోడల మీద అక్షరాలూ మార్చలేదు. మార్చాలని అనుకున్నామా? అనుకున్నామనే గుర్తు.

తర్వాత తనిఖీకి పెద్దవాళ్లు వస్తున్నారని, గోడౌన్ ఖాళీగా కనపడాలని పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. లారీ వచ్చింది. పెంచలయ్య మొదటి కట్ట మీద చెయ్యి వేసి ఆగాడు.

“సార్, ముందర వరస మనం వానకి జరిపిన కట్టలు గదా?”

“గోడ మీద ఏం రాసుందో చూడు” అన్నాను.

“గోడ మీద రాసింది పాతది సార్. ఈడికి మోసింది మనమే గదా. మీకు గుర్తులేదా?”

“చదవడం వస్తే చదువు పెంచలయ్యా. రాకపోతే ఆ లారీ అబ్బయ్యని అడుగు, చదివి చెప్తాడు.”

లారీవాళ్లు నవ్వారు. పెంచలయ్య కూడా కొంచెం నవ్వాడు. “సరే సార్. మీరు చెప్పినాక ఇంకేముండాది” అని కట్ట ఎత్తాడు.

అప్పుడు నాకు గుర్తుందా? ఇదే నేను తేల్చుకోలేనిది. కొన్ని రోజులు గుర్తులేదనే అనిపిస్తుంది. అతను అన్నాకనైనా గుర్తు రావాలి కదా అని ఇంకొన్ని రోజులు అనిపిస్తుంది. వచ్చే ఉంటుంది, కానీ కింది మనిషి నలుగురిలో నా తప్పు ఎత్తి చూపాడన్న కోపం ఆ గుర్తు కంటే ముందు వచ్చి ఉంటుంది, ఆ కోపంలో ఒక్క అడుగు ముందుకు వేసి కట్ట విప్పి చూసే పని చేయలేకపోయాను అని కూడా అనిపిస్తుంది. ఏది నిజమో నాకు తెలియదు. తెలియదని చెప్పుకోవడం నిజమో, తప్పించుకోవడమో అదీ తెలియదు.

కొన్నాళ్లకు కోట సంతలో ఎండుచేపలు పొట్లాలు కట్టిచ్చిన కాగితాలు జవాబు పత్రాలని ఒకాయన గుర్తుపట్టాడు. అవి మళ్లీ దిద్దాల్సిన పత్రాలు. పేపర్లో ఫోటో పడింది. ఎండుచేపల గంపలు పెంచలయ్య ఊరివి. వ్యాపారి నుంచి ఆ కాగితం ఎవరెవరి చేతులు మారి అక్కడికి చేరిందో ఎవరూ చూడలేదు. లోడు ఎత్తించింది పెంచలయ్య, పొట్లాలు కట్టింది అతని ఊరివాళ్లు. ఇంకేం కావాలి?

విచారణలో నన్ను ఒకటే అడిగారు. ఎత్తే ముందు అతను మిమ్మల్ని అడిగాడా?

లేదు అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. ముందుగా అనుకుని వెళ్లలేదు. గదిలోకి వెళ్లేదాకా నిజమే చెబుతాననుకున్నాను. పెంచలయ్య బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు. అతన్ని పిలిచినప్పుడు, “సార్‌ని అడిగినా” అన్నాడట. సాక్ష్యం ఎవరని అడిగారట. లారీవాళ్లు ఎక్కడివాళ్లో ఎవరికీ తెలియదు. అతన్ని ఉద్యోగం నుంచి తీసేశారు. నాకు జాగ్రత్తగా ఉండమని ఒక మెమో.

ఊరికి పోయాక అతనికి పేరొచ్చింది. పేపర్ల పెంచలయ్య. ఆ ఊరి నుంచి డిగ్రీ దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల సుజాత. ఒక్క పరీక్ష పోతే మళ్లీ దిద్దమని అడిగింది. దిద్దడానికి పత్రం లేదు. ఆ పిల్ల చదువు అక్కడితో ఆగింది. మన పిల్ల కాగితం కూడా అమ్ముకున్నాడని ఊరు అతన్ని మాట్లాడించడం మానేసింది.

నేను మాత్రం పోయి వచ్చేవాణ్ణి. ఏడాదికి ఒకటి రెండుసార్లు. పిల్లలకు బట్టలో, పండ్లో తీసుకుపోయేవాణ్ణి. కుర్చీ వేసేవాడు. వలల సంగతులు, రొయ్యల చెరువుల సంగతులు మాట్లాడేవాడు. ఆ కట్టల మాట ఒక్కసారి ఎత్తలేదు. అటెండరును మర్చిపోని ఆఫీసరని నన్ను చెప్పుకునేవాళ్లు. నేనెందుకు పోయేవాణ్ణి? అభిమానంతోనా, పశ్చాత్తాపంతోనా, అతను ఎవరికైనా చెప్పాడేమో చూసిరావడానికా? మూడూ ఉన్నాయేమో. విడదీయడం నా వల్ల కాలేదు.

ఇంకొకటి చెప్పాలి. పదేళ్ల గడువు తీరాక ఆ విచారణ ఫైలు తీసేయాల్సిన వాటిలోకి వచ్చింది. నియమం ప్రకారమే వచ్చింది. నియమం ప్రకారమే నేను సంతకం చేశాను. నేను చెప్పిన అబద్ధం అలా మాయమైంది. అతని సర్వీసు పుస్తకంలో తొలగింపు ఉత్తర్వు మాత్రం ఉంది. అది శాశ్వతంగా ఉంచవలసినది. సంతకం చేసేటప్పుడు నా చెయ్యి ఆగిందని రాస్తే బాగుండేది. ఆగలేదు.

పెద్దకర్మ నాడు అతని భార్య పోలమ్మ, “ఆపీసు నుంచి మీరొక్కరే వచ్చినారు సార్” అంది. ఇంటికొచ్చి రెండు రోజులు ఆ మాటతోనే ఉన్నాను. తర్వాత ఫోన్ చేశాను. అంతా చెప్పాను. అడిగాడని, నేను విన్నానని, విచారణలో లేదన్నానని.

ఆమె ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను.

“నాకు తెలుసు సార్” అంది. “ఆ పొద్దే చెప్పినాడు. మీరొచ్చినప్పుడల్లా, ఈ తూరి సార్ చెప్తాడు మే అని కుర్చీ ఏసేవాడు.”

“రాసిస్తానమ్మా, సంతకం పెట్టి, విశ్వవిద్యాలయానికి ఒకటి, మీకొకటి” అన్నాను.

“కాగితాలు ఏమైపోతాయో మీకు తెలవంది కాదు గదా సార్. ఊళ్లోకొచ్చి నోటితో చెప్పండి. నా మనవణ్ణి ఇస్కూల్లో పేపర్ల పెంచలయ్య మనవడా అంటుండారు.”

మొన్న ఆదివారం పోయాను. పడవలు లాగే చోట తాటాకు పందిరి కింద వలలు బాగుచేసుకుంటున్నారు. పోలమ్మ నలుగురు పెద్దమనుషులను పిలిపించింది. నిలబడే చెప్పాను. వల కుట్టే చేతులు ఆగలేదు. ఒకాయన మాత్రం, “ఇన్నేండ్లు ఏం చేస్తా ఉండారు సార్?” అన్నాడు. ఏమీ చేయలేదన్నాను.

వెనక నుంచి ఒక ఆడమనిషి ముందుకు వచ్చింది. జుట్టు నెరుస్తోంది. తాను సుజాతనని చెప్పింది.

“నేను ఆయన ఇంటి మీద దుమ్మెత్తి పోసినా సార్. దినాలకి కూడా పోలేదు. ఇప్పుడు నేను పోయి ఎవురితో చెప్పుకునేది?”

ఆమె జవాబు కోసమే నిలబడి ఉంది. నేను దించుకోవడానికి తెచ్చినదాంట్లో కొంత ఆమె మీద పెట్టానని అప్పుడు అర్థమైంది. చెప్పకుండా ఉండాల్సిందా? అదీ కాదు. పోలమ్మ మనవణ్ణి పక్కన నిలబెట్టుకుని అందరి ముఖాలూ చూస్తోంది, నా ముఖం తప్ప. నన్ను ఎవరూ కూర్చోమనలేదు. రోడ్డు మీదికి నడిచి వచ్చాను.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. కోట దాటకముందే నిద్రపోయాను. నెల్లూరులో కండక్టరు భుజం తట్టి లేపేదాకా మెలకువ రాలేదు. అంత నిద్ర నాకు రావచ్చునా అని అప్పటినుంచి ఆలోచిస్తున్నాను.