రెండు వేళ్ల మేస్త్రి

ఏ మాట అడగాలన్నా తాళాల మేస్త్రి ముందు రెండు వేళ్లు ఎత్తేవాడు. చూపుడు వేలు ఒక దారి, నడిమి వేలు ఇంకో దారి. "ఏదంటావ్?" అని నిలబడేవాడు.

కొట్టులో గిరాకీ లేనప్పుడు ఫోన్‌లో సొంతంగా మాటల ఆటలు కట్టేవాడు. బొమ్మ ఉండదు, రంగు ఉండదు, చప్పుడు ఉండదు. నల్లటి తెర మీద కాసిని తెల్లటి మాటలు. 'మీ ముందు మూసిన తలుపు. తడతారా? తోస్తారా?' ఒకటి నొక్కితే కథ ముందుకు నడుస్తుంది. పక్క కొట్టు దర్జీ ప్రతి ఆటా ఒక్కసారి ఆడేవాడు. తట్టాడు, తలుపు తెరుచుకుంది.

"చూశావా మేస్త్రీ, మర్యాదగా తడితే ఎందుకు తియ్యరు!" అని పొంగిపోయాడు.

ఇంట్లోనూ ఇదే వరస. "గోడకి నీలం వేద్దామా, లేత నీలం వేద్దామా?" భార్య ఒక వేలు పట్టుకునేది. ఇల్లు నీలమయ్యేది. తన మాట చెల్లిందని ఆమె, అడిగే చేశానని అతను, ఇద్దరూ తృప్తిగా ఉండేవాళ్లు.

కొట్టు పక్కనే ఒక ఇల్లు ఖాళీ అయ్యాక వచ్చింది చిక్కు.

"నెలాఖరుకి మారదామా, వచ్చే నెల ఒకటిన మారదామా?"

ఆమె ఏ వేలూ పట్టుకోలేదు. ఉన్న ఇంటి వంటగది కిటికీకి ఎదురు కిటికీ ఆమె అక్కది. పొద్దున లేస్తే ఇద్దరూ సందుకి అటూ ఇటూ నిలబడి లోకాన్ని దులిపేసేవాళ్లు. ఇల్లు మారితే ఆ కిటికీ పోతుంది.

"ఆలోచించి చెబుతాను" అంది. అతనికది సరేనన్నట్టే వినిపించింది. కొత్త ఇంటికని ఒక పెద్ద తాళం తీసి, తళతళలాడేలా తోమి పెట్టాడు. ఆమెకి సరదాగా ఉంటుందని ఒక ఆట కట్టి, ఆ సాయంత్రం చేతికిచ్చాడు.

'మీరు పాత ఇంట్లో ఉన్నారు. సామాను సర్దుతారా? కిటికీ దగ్గర నిలబడతారా?'

ఆమె కిటికీ నొక్కింది. 'బయట బండి వచ్చింది. ఎక్కుతారా? నడుస్తారా?' నడిచింది. 'కొత్త ఇంటికి చేరారు. శుభం.'

టమాటాని కూడా రెండో వైపు తిప్పి చూడందే బుట్టలో వెయ్యని మనిషి. మళ్లీ మొదటికొచ్చి సామాను సర్దింది. బండెక్కింది. 'కొత్త ఇంటికి చేరారు. శుభం.'

"ఏవండీ, కిటికీ దగ్గర నిలబడ్డదాన్ని అక్కడే ఉండనివ్వరా?"

"ఆటన్నాక కదలాలి కదా!"

"బాగుంది. కాళ్లు నావి, నడక మీది."

అంతలో దర్జీ వచ్చాడు, కొత్త ఇంటి కొలతలకి కుట్టిన కర్టెన్లతో. ఆమె కర్టెన్లు చూసింది, మొగుణ్ని చూసింది.

"అన్నయ్యా, నీ తలుపుల ఆట తీసి, ఈసారి తోసి చూడు."

దర్జీ తోశాడు. నోరు తెరిచాడు.

"తోసినా తెరుచుకుందే! ఇన్నాళ్లూ నా మర్యాదకి తెరుచుకుందని ఊరంతా చెప్పుకున్నాను కదయ్యా!"

"దారికో గది కట్టాలంటే బోలెడు పని..." అని మేస్త్రి నసిగాడు.

"గదులు కట్టలేనివాడికి దారులెందుకోయ్?" అన్నాడు దర్జీ.

మేస్త్రి అలవాటుగా రెండు వేళ్లు ఎత్తాడు. ఏదో అడగబోయేలోపే భార్య దగ్గరికొచ్చి, ముడుచుకున్న ఉంగరం వేలిని పట్టి పైకి లేపింది.

"ఇది ఖాళీగానే ఉందిగా. ఇది ఇక్కడే ఉండటం."

ఆమె వదిలేసినా అతను ఆ వేలు దించలేదు.

మర్నాడు పొద్దున మేస్త్రి కొత్త ఇంటికని తోమిన తాళాన్ని తెచ్చి పాత ఇంటి తలుపుకే బిగించాడు. రెండు తాళంచెవులూ భార్య చేతిలో పెట్టాడు.

"ఏది దేనికండీ?" అంది ఆమె.

"ఏది తిప్పినా ఇక్కడికే" అన్నాడు.