గుడ్ల అట్టల చందమామ

సుమనకు కాలు ఒక్కచోట నిలవదు. వచ్చే వారం పిల్లలకు ఆకాశం కథలు చెప్పాలి, ఆకాశం బొమ్మలు చేయించాలి అని సూపర్‌వైజర్ ఫోన్‌లో చెప్పిన దగ్గర్నుంచి మరీను. బోధన్ దాటాక చెరుకు తోటల నడుమ ఉన్న ఓ ఊరి అంగన్‌వాడీలో టీచర్ ఆమె. ఆ మాట చెవిన పడిందో లేదో ఆదివారమని కూడా చూడకుండా నిజామాబాద్ బస్సెక్కి రంగు కాగితాలు, జిగురు డబ్బాలు మోసుకొచ్చింది. మొదటి రోజు రాకెట్ అనుకుంది. కాదు, సూర్యుడు లేకుండా ఆకాశమేమిటి, సూర్యుడే ముందు అనుకుంది. ముందు సూర్యుణ్ని పెడితే పసుపు రంగు కాగితమంతా ఆ ఒక్క రోజుకే చెల్లిపోతుందని మళ్లీ రాకెట్‌ను ముందుకు జరిపింది. గోడకు అంటించిన చుక్కల్ని పీకి ఇంకో గోడకు అంటించింది. ఆమె వెంట నిచ్చెన మోసీ మోసీ ఆయా తిరుపతమ్మ నడుం పట్టుకుని కూలబడింది.

"నీకు దండం వెడ్త టీచరమ్మా! గా సుక్కలన్న ఒక్కకాడ నిలుస్తయి గని నువ్వు నిలవవు."

తిరుపతమ్మకు అర్థం కానిదేమిటంటే, ఈ హైరానా అంతా ఒక్క చందమామను తప్పించుకోవడానికే. చందమామ బొమ్మ చేయిస్తే పిల్లలు గ్రహణం గురించి అడుగుతారు. అడగరూ మరి? సరిగ్గా ఆ గురువారమే చంద్రగ్రహణం. ఊళ్లో ఏ అరుగు మీద చూసినా అదే ముచ్చట. గ్రహణం మాటెత్తితే అందరి చూపూ సుమన పై పెదవి మీదికి పోతుంది.

గ్రహణమొర్రితో పుట్టింది సుమన. ఏడో ఏట హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి పెదవి కలిపారు. ఇప్పుడక్కడ మిగిలింది సన్నటి కుట్టు గీత, అంతే. ఊరికి ఆ గీత చాలదూ! కడుపుతో ఉన్నప్పుడు తల్లి అంజవ్వ గ్రహణం వేళ కొడవలి పట్టి చెరుకు నరికిందట, అందుకే బిడ్డ పెదవి తెగిందట. ఊరిదాకా ఎందుకు, అంజవ్వే ఒప్పుకున్న మాట అది. చిన్నప్పుడు బడి పిల్లలు వెక్కిరిస్తే ఏడుస్తూ ఇంటికొచ్చి, నాకే ఎందుకిట్లయిందని అడిగితే, "నేనే నరికిన బిడ్డా, తప్పు నాదే" అంది. ఆ రోజు నుంచి సుమన తల్లిని మనసులో క్షమించలేదు. పెదవికీ గ్రహణానికీ ఏ సంబంధమూ లేదని పెద్దయ్యాక డాక్టరే చెప్పాడు. విన్నది, నమ్మింది కూడా. నమ్మితే మాత్రం? చిన్నప్పుడు పాతుకున్న కోపం డాక్టర్ చెప్పాడని లేచి పోతుందా? తల్లీకూతుళ్లిద్దరే ఉండే ఆ ఇంట్లో అవసరానికి నాలుగు మాటలు, అంతకుమించి ఉండవు.

మొత్తానికి వారం మొదలైంది. పిల్లలు అట్టముక్కల్ని చుట్టి రాకెట్లు చేశారు, వాటిని పట్టుకుని గది చుట్టూ ఉరికారు. ఆంధ్రా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల క్యాంపు నుంచి వచ్చే హరిణి అయితే, "చందమామ మీదకి కాలవ నీళ్లొస్తాయాండీ?" అని ఒకటే సతాయింపు. సూర్యుడి రోజు కూడా బాగానే గడిచింది. బుధవారం వచ్చేసరికి తప్పించుకోవడానికి సుమన దగ్గర ఇంకేమీ మిగలలేదు. కోడిగుడ్లు వచ్చిన అట్టల్ని గుండ్రంగా కత్తిరించి తెల్లరంగు పూయించింది. గుడ్లు కూర్చునే గుంతలు చందమామ మీది గుంతల్లా అచ్చం అతికాయి. గ్రహణం ఊసు మాత్రం ఎత్తలేదు.

అప్పుడే, కడుపుతో ఉన్నవాళ్లకు అంగన్‌వాడీలో పెట్టే మధ్యాహ్నం భోజనానికి అంకిత వచ్చింది. లింగవ్వ కోడలు, ఏడో నెల. ఒంట్లో రక్తం తక్కువ, వేళకు తినకపోతే ప్రమాదమని నర్సమ్మ ఒకటికి పదిసార్లు చెప్పిన పిల్ల. తిన్నాక పిల్లల మధ్య కూర్చుని సరదాపడి కత్తెర అందుకుంది. అట్ట ఇంకా సగం కూడా తెగలేదు, కోడలి కోసం వచ్చిన లింగవ్వ గుమ్మంలోంచే కేకేసింది.

"ఓ పోరీ! కత్తెర కింద వెట్టు! రేపు గ్రహణం వెట్టుకొని ఇయ్యాల కత్తెర వడ్తవా? నీకేమన్న తెలివున్నదా?" కత్తెర లాక్కుని సుమన వైపు తిరిగింది. "రేపు ఈమె రాదు. పొద్దు పొడ్సినకాంచి గ్రహణం ఇడిసేదాంక నోట్లె సుక్క నీళ్లు వొయ్యద్దు. సీకటి అర్రల పండవెడ్త."

"పొద్దుగూకినంక గని గ్రహణం ఇడ్వదు అత్తా. రక్తం లేని పిల్ల, గంతసేపు పస్తుంటె కండ్లు తిరిగి పడ్తది. కడుపుల బిడ్డకు కష్టం. గ్రహణంతోని ఏం గాదు."

"ఏం గాదా? గా మాట నువ్వు చెప్తున్నవా టీచరమ్మా?" అంది లింగవ్వ. "అద్దంల మొఖం సూస్కొని చెప్పు."

సుమన మొహం ఎర్రబడింది, చెయ్యి తనకు తెలియకుండానే పెదవి మీదికి పోయింది. ఏమని జవాబిస్తుంది చెప్పండి? గ్రహణం ఏమీ చేయదని ఆ ఊళ్లో ఎవరైనా చెప్పవచ్చు, ఒక్క ఆమె తప్ప. ఆమె నోరు తెరిస్తే ఆ నోరే ఆమెకు ఎదురు సాక్ష్యం.

ఆ సాయంత్రం ఇంట్లో సుమన నడక చూడాలి! వాకిట్లోకి, వంటింట్లోకి, మళ్లీ వాకిట్లోకి. నిండిన బకెట్టే మళ్లీ నింపింది. అంజవ్వ ఒక మూల కూర్చుని పసుపు కొమ్ములు ఏరుతూ అంతా చూస్తూనే ఉంది. ఏమైంది బిడ్డా అని అడిగిందే పాపం.

"ఏమైతది! నువ్వు ఆనాడు గా చెరుకు నరకకుంటె నేనియ్యాల నలుగుట్ల నోరు తెరుద్దును. గా పిల్లకు రేపేమన్నయితె గది సుత నీ పుణ్యమే!"

అన్యాయమైన మాట. అన్నాక సుమనకే తెలిసింది, వెనక్కి తీసుకోలేదు. అంజవ్వ చేతిలోని పసుపు కొమ్ము కింద పెట్టింది. ఒక్కటే అడిగింది.

"అంకిత రేపంత పస్తేనా?"

తెల్లారింది. మధ్యాహ్నమైనా అంకిత జాడ లేదు. సుమన గడప దాకా వెళ్లి రోడ్డు చూడటం, లోపలికి రావడం, పిల్లలకు సగం కథ చెప్పి మధ్యలో ఆపేయడం. ఇక వల్లకాక పిల్లల్ని తిరుపతమ్మకు అప్పగించి, టిఫిన్ డబ్బాలో అన్నం, పప్పు, గుడ్డు సర్దుకుని లింగవ్వ ఇంటికి పోయింది. చీకటి గదిలో అంకిత చాప మీద వెల్లకిలా పడి ఉంది. పెదవులు ఎండిపోయాయి. అక్కా అని పిలవబోతే గొంతు రాలేదు.

"డబ్బ వాపస్ కొంచవో," అంది లింగవ్వ గుమ్మానికి అడ్డం నిలబడి. "నీ తల్లి చేసిన పని నా కోడలుతోని చెయ్యనియ్య."

"నేను చెయ్యలే లింగవ్వా."

వెనక్కి తిరిగి చూస్తే అంజవ్వ. కూతురి వెనకే వచ్చినట్టుంది, ఆయాసపడుతోంది.

"నేను చెరుకు నరకలే. కొడవలి గాదు, సూది సుత ముట్టలే. మా అత్త నన్ను అర్రల వెట్టి గొళ్లెం వెట్టింది. తినలే, తాగలే, పక్కకు మర్రలే. నువ్వు ఈ పిల్లతోని చేపిస్తున్నయన్ని చేసిన. అన్ని చేసిన సుత గీ పిల్ల గట్లనే పుట్టింది."

"మరి నువ్వే గదా నరికిన్నని చెప్పినవ్?" అంది లింగవ్వ.

"పుట్టినంక అందరు నా మీద వడ్డరు. ఏదో కోసే ఉంటవు, యాద్ జేస్కో, యాద్ జేస్కో అన్నరు. నెలలకు నెలలు గదే మాట. పానం యాష్టకొచ్చి, ఆ, చెరుకు నరికిన పోండ్రి అన్న. గప్పుడు ఊకున్నరు." అంజవ్వ వచ్చి సుమన నెత్తి మీద చెయ్యి పెట్టింది. "నా బిడ్డ మీద ఒట్టు. ఇగ నమ్ముతవో నమ్మవో నీ ఇష్టం."

కన్నబిడ్డ మీద ఒట్టు వేశాక ఆ ఊళ్లో ఎదురు మాట్లాడేవాళ్లు లేరు. లింగవ్వ చాప మీది కోడల్ని చూసింది. చివరికి అడ్డం తప్పుకుంది.

"తలుపు దగ్గరికేసి తినవెట్టుర్రి. బయటికి మాత్రం పంప. ఎవలకు చెప్పకుర్రి."

మంచినీళ్లు తాగి, రెండు ముద్దలు కడుపులో పడ్డాక అంకిత లేచి కూర్చుంది. గుడ్డు చివరి తునక దాకా తినేవరకు సుమన అక్కణ్నుంచి కదల్లేదు.

తిరిగి వస్తుంటే దారిలో సుమన అడిగింది. "ఊరితోని అన్నవు సరే. మరి నాతోని ఎందుకన్నవవ్వా? నేను నీ బిడ్డనే గదా?"

"ఏడ్సుకుంట అచ్చి అడిగితివి. ఎందుకైందో నాకేమెరుక? ఎరుక లేదంటె నువ్వు ఎవల్ని తిడ్తవ్? నిన్ను నువ్వే తిట్టుకుంటవు. నన్ను తిడ్తె నేను పడ్త గదా అనుకున్న."

సుమనకు దారి కనబడలేదు, కళ్లు నిండిపోయాయి. నిన్న సాయంత్రం అన్న మాట గుర్తొచ్చింది. తల్లి చెయ్యి పట్టుకుని విడవకుండా అంగన్‌వాడీ దాకా నడిపించుకుపోయింది.

పిల్లల్ని కూర్చోబెట్టింది. తలుపులు మూయించింది. ఫోన్ లైటు వెలిగించి తిరుపతమ్మ చేతికిచ్చి, నువ్వే సూర్యుడివి, కదలకు అంది. రబ్బరు బంతి తీసుకుని ఇది మనముండే భూమి అని చూపింది. గుడ్ల అట్ట చందమామను బంతి వెనక్కి తెచ్చింది. వెలుగు బంతికి తగిలి ఆగిపోయింది, తెల్లటి చందమామ మీద నల్లగా నీడ పడింది.

"గిదే గ్రహణం. చందమామను ఎవలు మింగలే, ఎవలు కొరకలే. మన భూమి నీడ పడ్డది. జర సేపైతె పోతది."

వెనక వరుసలో పిల్లల మధ్య కూర్చున్న అంజవ్వ మోకాళ్ల మీద లేచింది.

"నీడనా?" అంది. "గంతేనా బిడ్డా?"

గంతే అవ్వా అంది సుమన. అంజవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ముప్పై ఏళ్లుగా ఎవరి ముందూ ఏడవని మనిషి, పిల్లలందరి ముందూ వెక్కివెక్కి ఏడ్చింది. పక్కనున్న హరిణికి ఏం అర్థమైందో ఏమో, ఆమె వీపు నిమురుతూ అంది.

"నీడేనండి మామ్మగారూ. అది మిమ్మల్నేం చెయ్యదు."