కోతుల బంతిలో విస్తళ్ళ లెక్క

కోతికి కొబ్బరికాయ దొరికితే ఏమవుతుందో మీకు తెలుసు. తొంభైల చివర్లో భవానీపురం వెనక కొండమీది కోతులకు నేను దొరికాను. ఆ దెబ్బకు నా ఎమ్మెస్సీ పట్టా కృష్ణలో కలిసినంత పనయింది. ఎలాగో చెబుతాను, నిదానంగా నవ్వుకోండి.

జంతుశాస్త్రం చివరి ఏడాది. అడవి కోతుల గుంపులో ఎన్ని ఉండాలన్నది దేన్నిబట్టి తేలుతుంది? ఇదీ నా ప్రాజెక్టు. మా మేడం ముందే చెప్పారు.

"గుంపు పెద్దదైతే కుక్కో చిరుతో వచ్చినప్పుడు కనిపెట్టే కళ్ళు ఎక్కువుంటాయి. కానీ తినే నోళ్ళూ ఎక్కువే. తిండి చాలకపోతే గుంపు చీలిపోతుంది. ఆ కొండమీద సంగతేమిటో చూసి రా. ముందు సరిగ్గా లెక్కపెట్టు."

ఇది పోతే ఏడాది పోయినట్టే. మా నాన్న పామర్రు చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు వంటమేస్త్రి. నా కోసం ఒక గరిటె ఎప్పుడూ సిద్ధంగా ఉండేది, నాకేమో దాన్ని తలుచుకుంటేనే భయం.

మొదటిరోజు పొద్దున పద్నాలుగు కోతులు తేలాయి. పది నిమిషాలకు ఇరవై రెండు, మళ్ళీ చూస్తే పదకొండు. ఒక్కటీ కుదురుగా కూర్చోదు కదా! అప్పుడు నాలోని వంటమేస్త్రి కొడుకు మేలుకున్నాడు. మా వైపు పెళ్ళిళ్ళలో ఎంతమంది తిన్నారో తెలియాలంటే ఎవరూ తలలు లెక్కపెట్టరు. బంతి లేచాక ఎంగిలి విస్తళ్ళు లెక్కపెడతారు. మనిషికో విస్తరి అయితే కోతికో అరటిపండు. తొక్కలు లెక్కపెడితే సరి!

మా ఇంటి ఓనరు మస్తాన్ గారికి అరటిపళ్ళ మండీ ఉంది. మరీ మగ్గిపోయిన పళ్ళుంటే ఇమ్మని అడిగాను.

"కోతులకా? పుణ్యవండీ, పట్టుకెళ్ళండి. ఇంతకీ ఇదేం చదువు రాంబాబు గారూ?"

"సైన్సండీ."

"మావాడిదీ సైన్సేనండీ. వాడికి కప్పల్నిచ్చారు. మీరే నయం."

మొదటి వారం పందొమ్మిది తొక్కలు. రెండో వారం ముప్ఫై. నాలుగో వారానికి అరవై రెండు! చూడబోతే బోడి రాళ్ళ కొండ, చిరుత జాడ లేదు, తినడానికి నాలుగు రేగుచెట్లు. అయినా గుంపు మూడింతలైంది. తిండి ఎక్కడినుంచి వస్తోందన్న ప్రశ్న నాకు తట్టలేదు. ఆ పళ్ళ సంచి నా భుజానికే వేలాడుతోంది మరి. శాస్త్రాన్ని తిరగరాస్తున్నానన్న పొంగులో మేడంకు ఉత్తరం రాశాను: "తిండితో సంబంధం లేకుండా గుంపు పెరుగుతున్నది. పుస్తకాలు సవరించవలసి రావచ్చును."

ఉత్తరం అందిన మూడోరోజే మేడం దిగారు. "నా పళ్ళు తిన్నోళ్ళని నేనూ ఓసారి చూడాలండీ" అంటూ మస్తాన్ గారూ వెంట బయల్దేరారు. కొండ మొదట్లోనే కోతులన్నీ పెళ్ళికొడుక్కి ఎదురుకోలు చేసినట్టు నాకు ఎదురొచ్చాయి.

"ఆ సంచిలో ఏంటయ్యా?" అన్నారు మేడం.

"లెక్క పరికరం మేడం" అని గర్వంగా పళ్ళు వరసగా పేర్చాను.

మేడం పావుగంట కోతుల్నే చూశారు. "ఆ బండకి ఇటువైపువీ అటువైపువీ పళ్ళికిలిస్తున్నాయి, చూశావా?"

"ఆకలి మేడం."

"నీ మొహం. అవి రెండు వేరేవేరే గుంపులు. అటువైపువి కొండ అవతల్నించి నీ భోజనాలకొచ్చాయి."

"అదేలెండి, ఆడపెళ్ళివారూ మగపెళ్ళివారూ" అన్నారు మస్తాన్ గారు. "ఆ తోక తెగినదాన్ని చూడండి, దానికిది నాలుగో బంతి!"

"మరి... తొక్కల లెక్కో?" అన్నాను.

మస్తాన్ గారు జాలిగా నా భుజం తట్టారు. "విస్తళ్ళు లెక్కేస్తే ఎంతమంది తిన్నారో తెలుసుద్ది గానీ, ఆ ఇంట్లో ఎంతమందున్నారో ఎట్లా తెలుసుద్దండీ?"

మేడం నా నోటుపుస్తకాన్ని ఖాళీ సంచిలో పడేశారు. "గుంపు పెరిగింది నువ్వు పెట్టబట్టి. రెండు నెలలు టైముంది. ఉత్త చేతుల్తో మళ్ళీ మొదలుపెట్టు."

సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాటినుంచి ఉత్త చేతులతో వెళితే, పెళ్ళిలో గారెలు అయిపోయాయని చెప్పిన వంటవాణ్ణి చూసినట్టు చూశాయి కోతులు. తోక తెగినది నా కుడి చెప్పు పట్టుకుపోయింది. పది రోజులకు చుట్టాలు కొండ అవతలికి వెళ్ళిపోయారు. ఇక ఒక్కొక్క ముఖమే గుర్తుపట్టుకుంటూ లెక్క తేల్చాను. తోక తెగినదానితో కలిపి పద్దెనిమిది. ఆ రాళ్ళమీది తిండికి అంతకుమించి నిలవలేవని రాసి గట్టెక్కాను.

పామర్రు వెళ్ళి నాన్నకు మొత్తం చెప్పాను. ఆయన శ్రద్ధగా విని బాధగా అన్నాడు. "మనిషికొకటే లెక్కేసి పట్టుకెళ్ళావంట్రా? పదిమందికి ఎక్కువ చూసుకోకుండా బంతి వేస్తారా ఎవరైనా?"

అందుచేత కృష్ణ ఒడ్డున నిలబడి, ఎదురుగా ఆ కొండను పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో లెక్క తేలకుండా ఎవరికీ వడ్డించను, వడ్డించాక ఎవరినీ లెక్కపెట్టను. నా కుడి చెప్పు తిరిగిచ్చేదాకా తోక తెగినవాళ్ళని అసలు బంతిలోనే కూర్చోనివ్వను.