మాట వరసకి పిలిచిన శుక్రవారం

"ఆగాగు వాయెల్, మళ్ళీ మొదట్నుంచి చెప్పు. ఎక్కడ కూర్చుందన్నావ్?"

"గుమ్మం మెట్టు మీద. ఒళ్ళో బుట్ట పెట్టుకుని. ఎన్నిసార్లు చెప్పించుకుంటావ్?"

"వానలోనా?"

"వాన కాదులే, ఈ ఊరి తుంపర. అయినా తడిసింది తడిసిందేగా! ఇవాళ పక్కింటి బఖీత్ షాపుకొచ్చి దగ్గు మందు అడిగాడు. ఎవరికన్నాను. 'మా అమ్మకి. శుక్రవారం మీ కారు కోసం చూస్తూ బయటే కూర్చుండిపోయింది' అన్నాడు. నిష్ఠూరంగా కూడా అనలేదు నీవీన్. అదే నాకు మరీ గుచ్చుకుంది."

నీవీన్ తుంచిన రొట్టె ముక్క పళ్ళెంలోనే ఉండిపోయింది. ఇక అన్నం సయిస్తుందా చెప్పండి!

నీవీన్‌ది ఈజిప్టులో తంతా. మొగుడికి సలాలాలో మందుల షాపు ఉద్యోగం దొరికితే, అయిదేళ్ళ తాలీన్‌ని చంకనేసుకుని చలికాలంలో ఒమాన్ వచ్చి పడింది. వేసవిలో మాడి మసైపోతామని బెంగపెట్టుకున్నారు. తీరా వచ్చింది ఖరీఫ్! ఈ తుంపర నెలల్ని ఇక్కడ అలాగే అంటారు. చుట్టుపక్కల దేశాలన్నీ పెనంలా కాలుతుంటే, ఈ మూల మాత్రం మబ్బు నేల మీదికి దిగి కొండలన్నీ పచ్చబడిపోతాయి.

ఇంకేం, వారం వారం కొండెక్కడమే. ఒకసారి పొగమంచులో దారి కనపడక, కారు పక్కకి ఆపి అందులోనే భోజనం కానిచ్చారు. మంచు విడిపోయాక చూస్తే వాళ్ళున్నది ఎవరిదో పశువుల దొడ్డి! ఆవులన్నీ చుట్టూ నిలబడి వీళ్ళు తినే తిండి చూస్తున్నాయి. ఇంకోసారి గాలికి చాప ఎగిరిపోతే, దాని వెనక పరిగెత్తి వాయెల్ బురదలో చతికిలబడ్డాడు. "సూర్యుడు తప్పిపోయాడమ్మా" అని తాలీన్ ఒకటే ఏడుపు.

ఇంటికి రాగానే ఈ ముచ్చట్లన్నీ పక్కింటి ఉమ్మ్ బఖీత్‌కి, అంటే బఖీత్ వాళ్ళమ్మకి, చెప్పాల్సిందే. గోడ మీద మోచేతులాన్చి, కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వేది ఆవిడ. కొత్తలో తాలీన్‌కి జ్వరమొస్తే మంచం పక్కనే కూర్చుని ఒళ్ళు తుడిచిన మనిషి. పుట్టిందీ, ఆవులు కాసిందీ ఆ కొండ మీదే. మోకాళ్ళు పట్టేశాక పైకి పోవడం పడలేదు. కొడుక్కి ఓడరేవులో ఉద్యోగం, శుక్రవారాలు కూడా తీరదు. అందుకే నవ్వి నవ్వి, చివర్న ఒక మాట మాత్రం అడిగేది. "ఊట దగ్గర రాళ్ళకి పాచి పట్టిందా అమ్మాయ్? నీళ్ళు బాగా వస్తున్నాయా?"

ఆ గురువారం సాయంత్రం నీవీన్ గోడ మీంచి, పిన్నిని పిలిచినట్టే ఖాలా అని పిలిచి అంది. "రేపు ఊట దాకా పోతున్నాం ఖాలా. మీరూ రావాలి. మీరు లేకపోతే మాకేం బాగుంటుంది!"

"వస్తానమ్మా" అంది ఉమ్మ్ బఖీత్.

అంతే జరిగింది. తంతాలో అయితే మెట్ల మీద ఎవరెదురైనా "రండి, తిందాం" అనాలి. అవతలివాళ్ళు "ఆ, వస్తాం" అని వాళ్ళ దారిన వాళ్ళు పోవాలి. నిజంగా రమ్మనేవాళ్ళయితే మళ్ళీ మళ్ళీ అడుగుతారు, బయల్దేరే ముందు వచ్చి తలుపు తడతారు. తలుపు తట్టని పిలుపు అక్కడ పిలుపే కాదు. ఈ కొండవాళ్ళకేమో ఒక్కసారి పిలిస్తే చాలు. మళ్ళీ అడిగితే, 'నా మాట మీద నమ్మకం లేదా' అని నొచ్చుకుంటారు. నీవీన్‌కి ఇదెక్కడ తెలుసు?

ఎప్పుడూ మధ్యాహ్నం నమాజయ్యాక బయల్దేరేవాళ్ళు, ఆ శుక్రవారం మాత్రం బయటి ఊళ్ళ కార్ల రద్దీ తప్పించుకుందామని తెల్లారగానే వెళ్ళిపోయారు. కారు కనపడకపోతే వాయెల్ మసీదుకెళ్ళాడనుకుంది పెద్దావిడ. మాంసం వండి బుట్టలో సర్దుకుని, మంచి బట్టలు కట్టుకుని వచ్చి మెట్టు మీద కూర్చుంది. సరిగ్గా ఆ వేళకి కొండ మీద ఒక ఒంటె వీళ్ళ కారు కిటికీలోకి మెడ దూర్చి, రొట్టెల సంచీ మొత్తం ఖాళీ చేస్తోంది. ముగ్గురూ పడీ పడీ నవ్వుకున్నారు. ఆ నవ్వు తలుచుకుంటేనే నీవీన్‌కి ఇప్పుడు ఒళ్ళు చచ్చిపోతోంది.

"వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పెయ్" అన్నాడు వాయెల్.

చెప్పడం అంత తేలికా? మొహం చెల్లక వెనక తలుపు నుంచి తిరగడం మొదలెట్టింది. గోడ వైపు బట్టలు కూడా ఆరెయ్యలేదు. మర్నాడు గోడ మీద అరటిపళ్ళ అత్తం కనపడింది, ఎప్పటిలాగే. ఇక ఆగలేక బస్బూసా అనే రవ్వ మిఠాయి చేసి, పళ్ళెం పట్టుకుని, తాలీన్‌ని వెంటేసుకుని వెళ్ళింది.

"రా అమ్మాయ్. కాళ్ళు చాపుకున్నానని ఏమనుకోకు, లేవలేకపోతున్నా" అంది ఉమ్మ్ బఖీత్, దగ్గుతూనే.

నిజం నాలిక చివరిదాకా వచ్చింది. బయటికొచ్చింది మాత్రం వేరే. "శుక్రవారం మా తాలీన్‌కి ఉన్నట్టుండి కడుపునొప్పి ఖాలా. కంగారులో ఆస్పత్రికి పరిగెత్తాం. మీకో మాట చెప్పడానికి కూడా..."

"అయ్యో, పసిదానికా! నేనెంత మొద్దుదాన్ని, మీ తలుపైనా తట్టి చూళ్ళేదు. ఇలా రావే తల్లీ. ఇప్పుడెలా ఉంది?"

"నాకేం నొప్పి లేదుగా!" అంది తాలీన్. "కొండ మీద ఒంటె మన రొట్టెలన్నీ తినేసింది కదమ్మా! నాన్న దాని నోట్లోంచి సంచీ లాగాడు కదా!"

నీవీన్ నేల వైపు చూసింది. అక్కడ నేల కూడా ఆమెకి చోటిచ్చేలా లేదు.

ఉమ్మ్ బఖీత్ తాలీన్‌ని దగ్గరికి తీసుకుంది. తర్వాత పిల్ల గడ్డం పట్టుకుని అడిగింది. "ఏ ఒంటె? మెడ మీద వాత ఉందా?"

"ఉంది! ఇలా గీతలా!"

"అయితే మా మేనమామ కొడుకులదే. దానికి దొంగబుద్ధి చిన్నప్పట్నుంచీ ఉందిలే." ఇద్దరూ కిలకిలా నవ్వుకున్నారు. అప్పుడు నీవీన్ వైపు తిరిగి, "టీ తాగమ్మా, చల్లారిపోతోంది" అంది. ఒక్క మాటంటే ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది!

రెండ్రోజులకి దగ్గు తగ్గింది. కూతురొచ్చి ఆవిణ్ణి దగ్గర్లోని తాఖా ఊళ్ళో తన ఇంటికి తీసుకుపోయింది. కొండ మీద మబ్బు అప్పటికే పల్చబడుతోంది. ఎండ తగిలిందంటే పచ్చదనమంతా పసుపురంగుకి తిరుగుతుంది, ఊట సన్నబడుతుంది. మిగిలింది ఈ శుక్రవారం ఒక్కటేనేమో. కూతురింటి ఫోన్ నంబరు నీవీన్ బఖీత్‌నడిగి తీసుకుంది.

"మెసేజ్ పెట్టెయ్, పోతుంది" అన్నాడు వాయెల్, బూట్లు విప్పుకుంటూ.

"ఆవిడకి చదువు రాదు. వచ్చినా పెట్టను."

"మరి ఫోన్ చేసి ఏం చెప్తావ్? ఈసారి నాకు పంటినొప్పి అంటావా?"

"నవ్వకు వాయెల్, నీకు దణ్ణం పెడతా. రేపు పొద్దున్న నువ్వు షాపుకెళ్ళగానే చేస్తాను. కడుపునొప్పి అబద్ధమని ముందే చెప్పేస్తా. మాట వరసకి పిలిచానని, వస్తారనుకోలేదని, అదీ చెప్పేస్తా."

"ఆవిడ ఫోన్ పెట్టేస్తే?"

"మళ్ళీ చేస్తా. శుక్రవారం తాఖా వస్తున్నాం ఖాలా, మీరొస్తేనే కొండెక్కుతాం, లేకపోతే మీ గుమ్మంలోనే కూర్చుంటాం అంటాను."